వాడి నాలుక, పచ్చని ఒలీవ చెట్టు

పఠన భాగము: 1 సమూయేలు 21, 22 అధ్యాయములు; కీర్తన 52



మన ఖిల్లా ఘణపూరు కొండమీది కోటగోడలను దినమును చూచుచున్నాము. శత్రువును ఆపుటకు కట్టిన గోడలవి. అయితే నోట వచ్చు మాటను ఆపు గోడ ఏది? కలహము మొదలుపెట్టుట నీటికి దారి తీయుటవంటిదని సామెతలు 17:14 బోధించుచున్నది. చెరువుకట్టకు పడిన గండి మొదట చిన్నదే. తెల్లవారుసరికి క్రింది పొలములన్నియు మునుగును.

నోబులో జరిగినది చూడుడి. సౌలునకు భయపడి పారిపోవుచున్న దావీదునకు యాజకుడైన అహీమెలెకు రొట్టెలను, గొల్యాతు ఖడ్గమును ఇచ్చెను. అక్కడనున్న ఎదోమీయుడైన దోయేగు దానిని చూచి రాజుతో చెప్పెను. ఇచ్చుట నిజమే. కాని దావీదు రాజు పనిమీద వచ్చెనని నమ్మి ఇచ్చెనను సంగతి దోయేగు నోట రాలేదు. ఆ దినమున 85 మంది యాజకులు హతులైరి. నోబులోని స్త్రీలును పసిపిల్లలును తప్పించుకొనలేదు.

"ఉన్నమాటే చెప్పితిని, తప్పేమి?" అని మనమందుము. నేనును అట్లే అంటిని. ఒక సహోదరుని అప్పు సంగతి పదిమందిలో ఎత్తితిని. మాట నిజమే, అయితే అతడు మూడు నెలలు ప్రభువు బల్లయొద్దకు రాలేదు. నేను అతని గుమ్మమునకు వెళ్లి క్షమాపణ వేడుకొనిన తరువాతనే మరల వచ్చెను. ఆ మూడు నెలలు నా ప్రసంగములు నాకే చేదుగా నుండెను.

దావీదును నిర్దోషి కాడు. రాజు పంపెనని అహీమెలెకుతో అబద్ధమాడినవాడు అతడే. అయినను తప్పించుకొని వచ్చిన అబ్యాతారుతో, నీ యింటివారి మరణమునకు నేనే కారకుడనని ఒప్పుకొని, అతనిని తనయొద్ద ఉంచుకొనెను. నాలుక చేసిన గాయమునకు మందు ఇదే: ఒప్పుకొనుట, ఆదరించుట.

కొండెములు రుచిగల పదార్థములవలె లోపలికి దిగునని సామెతలు 18:8 చెప్పుచున్నది. ఎందుచేత? లోపల సంతోషము ఎండినవాడు పొరుగువాని తప్పులో రుచి వెదకును. దావీదైతే నిలువ నీడలేక తిరుగు దినములను తలంచు ఆ 52వ కీర్తనలో, తాను దేవుని మందిరములో పచ్చని ఒలీవ చెట్టువంటివాడననెను. దేవుని కృపయే అతని వేరులకు నీరు. ఆ నీరు త్రాగు చెట్టుకు ఇతరుల నింద ఎరువుగా అక్కరలేదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మనలను మనము ప్రశ్నించుకొందము. నా మాటచేత ఆలయమునకు రాకుండ నిలిచిపోయిన వారెవరైన ఉన్నారా? వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందే వారి గుమ్మము త్రొక్కుదము.

ప్రభువు మన పెదవులకు కావలియుండును గాక. ఆమేన్.