డ్యూటీవాళ్లకు బెగోనియా

రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లను మొక్కలు పెంచమంటే ఒకటే మాట: "రోజూ నీళ్లు పోసే తీరిక మాకెక్కడిది?" బెగోనియాకు ఆ తీరిక లేనివాళ్లే నయం. మన ఇళ్లలో ఈ మొక్క ఎండకంటే, పొద్దున లేవగానే చెంబెడు నీళ్లు పోసే అలవాటుకే ఎక్కువగా పోతుంది. కాండంలో నీరు దాచుకుంటుంది, వేర్లు సన్నవి, పైపైనే పాకుతాయి. మట్టి ఆరకపోతే కుళ్లిపోతాయి. అప్పుడు ఆకులు వాడతాయి. దాహమేసిందనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం.

అందుకే డ్యూటీ నుంచి వచ్చాక కుండీని ఓసారి ఎత్తి చూడండి. తేలిగ్గా ఉండి, వేలు పెడితే పైమట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి.

రకం ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. గుండ్రటి మెరిసే ఆకులతో చిన్న చిన్న పూలు పూసే మైనపు బెగోనియా, వెదురులా కణుపులు వేసి పెరిగే కేన్ బెగోనియా కొంచెం ఓర్చుకుంటాయి. రంగురంగుల ఆకుల రెక్స్ చూడగానే మనసు లాగుతుంది గానీ, ఏప్రిల్ వడగాలి నుంచి దాన్ని కాపాడటం కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి కుండీలో వద్దు. తడిస్తే బంకగా అంటుకుంటుంది, ఎండితే బీటలిస్తుంది. చెలక ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు ముతక ఇసుక చాలు. పొలానికి తెచ్చిన డీఏపీ మిగిలింది కదా అని వేయకండి, వేర్లు మాడిపోతాయి. పూలు పూసే రోజుల్లో 15 రోజులకోసారి లీటరు నీళ్లకు గ్రాము 19:19:19 ఎరువు కలిపి పోస్తే సరిపోతుంది.

దసరా తర్వాత చల్లబడ్డాక నాటితే ఫిబ్రవరి దాకా బాగా పూస్తుంది. పొద్దుటి లేత ఎండ తగిలే తూర్పు వరండా దీనికి సరైన చోటు. ఆదిలాబాద్‌లో చలి ముదిరి రాత్రి 10 డిగ్రీల కిందికి దిగితే కుండీని గోడ వారకు, ఇంకా ముదిరితే ఇంట్లోకి జరపాలి. మార్చి నుంచి ఉత్తరం వైపు నీడకు మార్చండి. కూలర్ ఉన్న గదిలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఆ మూలన బతుకుతుంది, కానీ కూలర్ గాలి నేరుగా తగలకూడదు. మే నెలలో పూలు రాలేదని దిగులుపడకండి, ప్రాణం నిలుపుకుంటే చాలు.

గనుల దగ్గరి ఇళ్లలో ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకుంటుంది. నున్నటి ఆకులను తడిగుడ్డతో తుడవండి. నూగు ఉన్న ఆకులను గుడ్డతో రుద్దొద్దు, మెత్తటి బ్రష్షుతో దులపండి. ఆకుపై తెల్లటి పొడి కనిపిస్తే ఆ ఆకు తీసేసి, కుండీల మధ్య గాలి ఆడేలా ఎడం పెట్టండి.

వానలు పడ్డాక, జులైలో కేన్ బెగోనియా కొమ్మను కణుపు కింద కోసి గ్లాసు నీళ్లలో పెడితే కొన్ని వారాల్లో వేర్లు వస్తాయి. ఒక మొక్క కొంటే చాలు, తర్వాతివన్నీ ఉచితమే.

పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తుంటే నిండుగా నీళ్లు పోసి, నీడలో పెట్టి తాళం వేసుకోండి. పక్కింటివాళ్లకు మాత్రం అప్పజెప్పకండి. మీ మీద ప్రేమతో రోజూ పోస్తారు.