పసివారి మనోవ్యాధులు – చికిత్సాలయ నిర్ణయం

బిడ్డకు జ్వరం వస్తే ఏ వైద్యుని వద్దకు పోవాలో మనకు తెలుసు. కాలు విరిగితే ఏ ఆస్పత్రి మంచిదో వీధిలోని వారందరూ చెబుతారు. కాని ఆరేళ్ల బిడ్డ తలను గోడకేసి కొట్టుకుంటున్నప్పుడు, బడి పేరెత్తగానే వాంతి చేసుకుంటున్నప్పుడు, ఇంట గలగల మాట్లాడేవాడు గడప దాటగానే నెలల తరబడి మూగబోతున్నప్పుడు ఎవరిని అడగాలో తెలియదు. తెలిసినా అడగడానికి సిగ్గు. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరును, విశాఖలో చినవాల్తేరు పేరును ఎగతాళికి వాడుకోవడం మనకు ఎప్పటినుంచో ఉన్న దురలవాటు. ఆ నవ్వుకు వెరచి చికిత్సను వాయిదా వేసిన కుటుంబాలు ఎన్నో.

కళాశాల సంచికలో ఈ విషయం ఎందుకని కొందరికి తోచవచ్చు. మన విద్యార్థులలో అనేకుల ఇళ్లలో ఆస్పత్రి కాగితం చదవగలిగినవారు డిగ్రీలో ఉన్న భాయిజానో ఆపాయో మాత్రమే. తమ్ముడికి ఏ వైద్యమో తేల్చుకోలేక అమ్మీ, అబ్బా వారి ముఖమే చూస్తారు.

మొదట శరీరాన్ని పరీక్షింపజేయాలి. పాఠం వినని బిడ్డకు చెవి సరిగా వినబడకపోవచ్చు. క్షణకాలం శూన్యంలోకి చూసి మళ్లీ తేరుకునే బిడ్డది పరధ్యానం కాక ఒక విధమైన మూర్ఛ కావచ్చు. వీటిని పిల్లల వైద్యుడు తోసిపుచ్చిన తరువాతనే మానసిక వైద్యుని వద్దకు పోవాలి.

చికిత్సలో మూడు మెట్లున్నాయి. వారానికో పక్షానికో ఒక గంట చూపించుకుని రావడం మొదటిది. కొన్ని వారాలపాటు పగలంతా కేంద్రంలో ఉంచి సాయంత్రం ఇంటికి తెచ్చుకోవడం రెండవది. ఆస్పత్రిలో చేర్చడం మూడవది. బిడ్డ తనకుగాని ఇతరులకుగాని ప్రాణహాని కలిగించే స్థితిలో ఉన్నా, అన్నపానాలు మానినా, మందు ప్రభావాన్ని రాత్రింబగళ్లు కనిపెట్టవలసి వచ్చినా మూడవ మెట్టు తప్పదు. మొదటి మెట్టును శ్రద్ధగా నడిచి చూచినా ఫలితం లేనప్పుడు కూడా పై మెట్టును గురించి ఆలోచించవచ్చు. తల్లిదండ్రులు అలసిపోయారన్న కారణం మాత్రం చాలదు. ఆ అలసట నిజమే, దానికి బంధువుల సాయం కావాలి.

చేర్చవలసి వచ్చినప్పుడు భవనం ఎంత గొప్పదో, రుసుము ఎంతో అని కాక, ఈ చికిత్సలో తల్లిదండ్రులకు ఏ స్థానం ఉన్నదని అడగాలి. "బిడ్డను మాకు వదిలి వెళ్లండి, మూడు నెలల తరువాత వచ్చి తీసుకుపొండి" అనే చోటికి పోరాదని మా నిశ్చితాభిప్రాయం. పసిబిడ్డ ప్రవర్తన ఇంటివారి ప్రవర్తనతో పెనవేసుకుని ఉంటుంది. వైద్యుడు కొన్ని వారాలు చూస్తాడు. ఆ తరువాత ఏళ్ల తరబడి బిడ్డను చూసుకోవలసింది తల్లి. ఆమె నేర్చుకోని చికిత్స ఆస్పత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది.

ఇది మన దేశానికి కొత్త సంగతి కాదు. 1950ల లోనే అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగులతో బాటు వారి కుటుంబాలకు కూడా చోటిచ్చారు. బెంగుళూరు నిమ్హాన్స్ లోని పిల్లల విభాగంలో నేటికీ బిడ్డతో తల్లో తండ్రో ఉండవలసిందే. రెండు మొదలు ఏడేళ్ల వయసు పిల్లల మొండితనానికి అమెరికాలో రూపొందిన ఒక పద్ధతిలో తల్లి బిడ్డతో ఆడుకుంటుండగా చికిత్సకుడు అద్దం వెనుక నుంచి ఆమె చెవిలోని పరికరం ద్వారా ఎప్పుడు మెచ్చుకోవాలో, ఎప్పుడు చూడనట్లుండాలో చెబుతుంటాడు. అక్కడ శిక్షణ పొందేది తల్లి, బాగుపడేది బిడ్డ.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ మాటనే శాసించింది. మైనరును చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు, వారిలో ఒకరైనా మానసిక వైద్యుడు, విడివిడిగా పరీక్షించాలి. పిల్లలను పెద్దల వార్డులో ఉంచరాదు. చేరిన నాటినుంచి వెళ్లేనాటి వరకు సంరక్షకుడో ఆయన నియమించిన మనిషో బిడ్డ వెంట ఉండి తీరాలి. ఆడపిల్లకు స్త్రీ తోడు ఉండాలి. ఎవరినైనా గొలుసులతో కట్టడం నిషిద్ధం. కాబట్టి తోడు ఉండనివ్వని కేంద్రం నిబంధనను కాదు, చట్టాన్నే మీరుతున్నది.

గొలుసుల మాట వచ్చింది గనుక ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన నడిచిన ఒక పాక కాలిపోయి, గొలుసులతో కట్టబడిన 28 మంది రోగులు మరణించారు. దుఆ చేయవద్దని ఎవరూ అనలేదు. గుజరాతులోని ఉనావా దర్గాలో దుఆతో బాటు దవా కూడా అందించే ఏర్పాటు జరిగింది. దుఆను చూపి దవాను ఆపితేనే ప్రమాదం.

ఇక భాష. దీనిని పట్టించుకునేవారు తక్కువ. మన పిల్లలకు ఇంట దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. "నక్కో" అన్న బిడ్డ ఏమన్నాడో తెలియని పరీక్షకుడు సమాధానం లేదని వ్రాసుకుంటే బిడ్డ తెలివి కాగితం మీద తరిగిపోతుంది. కలత చెందిన బిడ్డ అమ్మ భాషలోనే ఏడుస్తాడు, భయాన్ని ఆ భాషలోనే చెప్పుకుంటాడు. కాబట్టి "మా వాడితో ఏ భాషలో మాట్లాడతారు?" అని మొదటిరోజే అడగాలి. చెక్కపలకలో ఆకారాలను అమర్చే సెగ్విన్ వంటి పరీక్షలకు భాష అంతగా అక్కరలేదు, అటువంటివి చేశారా అని కూడా విచారించాలి. తల్లి చెప్పేది దుబాసీ ద్వారా కాక నేరుగా వినగలిగిన చికిత్సకుడు దొరికితే, కేంద్రం కొంచెం చిన్నదైనా మేము దానికే ఓటు వేస్తాము.

మందుల సంగతి క్లుప్తంగా. చాంచల్యం మితిమీరిన ఆరేళ్ల లోపు పిల్లలకు మందుకన్న ముందు తల్లిదండ్రుల శిక్షణ అవసరమని నేటి వైద్యశాస్త్రం అంటున్నది. మందు ఇచ్చినప్పుడు ఎందుకు, ఎన్నాళ్లు, ఏ లక్షణం తగ్గితే ఆపుతారు అని అడగడం వైద్యుని అవమానించడం కాదు. సైకాలజిస్టునని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి నమోదు ఉన్నదా అని అడగడం కూడా అంతే. ఇన్ని వారాలలో పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారి మెట్లు దిగి రావడం మంచిది.

ఇంటికి పంపించే రోజును గురించి చేర్చే రోజుననే మాట్లాడుకోవాలి. బెంగుళూరు రైలు దిగిన మరునాడు మందుచీటీ మన జిల్లాలో ఏ వైద్యునికి చూపాలి? బడిలో ఉపాధ్యాయునికి ఏమి చెప్పాలి? బిడ్డ మళ్లీ తల కొట్టుకుంటే తొలి అయిదు నిమిషాలలో ఏమి చేయాలి? ఈ మూడింటికీ జవాబులను తెలుగులోనో ఉర్దూలోనో కాగితం మీద వ్రాయించుకుని, దాని నకలు ఒకటి బడికి ఇవ్వాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ ఫోను నంబరు 14416ను కూడా అదే కాగితంపై వ్రాసుకోవాలి. దానికి ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.