డాలస్‌లో రెండు కార్లు కావాలా?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు ఉద్యోగాల మీద డాలస్ వెళ్తున్నారు. అప్పు చేసైనా రెండు కార్లు కొనాలంటున్నారు. అంత అవసరమా?
– ఒక పాఠకుడు, మంచాల

జవాబు: ఒక కారు తప్పదండీ. రెండోది ఇల్లు ఎక్కడ తీసుకుంటారన్న దాన్నిబట్టి ఉంటుంది. మీ దగ్గర బస్సు తప్పిపోతే ఆటో ఎక్కి ఇబ్రహీంపట్నం చేరొచ్చు. డాలస్ శివార్లలో ఆ వీలు లేదు. ఇళ్లు ఒకచోట, దుకాణాలు ఇంకోచోట, మధ్యలో పెద్ద రోడ్లు. డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్ రైళ్లు 1996 నుంచి నడుస్తున్నా, ఆ సంస్థలో చేరిన ఊళ్లకే వస్తాయి. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న శివారు ఊరు ఫ్రిస్కో అందులో లేదు. అక్కడ ఇల్లు తీసుకుని ఇద్దరూ చెరో దిక్కు ఆఫీసుకు వెళ్లాలంటే రెండు కార్లూ కావలసిందే. అదే డార్ట్‌లో ఉన్న రిచర్డ్‌సన్‌లోనో ఇర్వింగ్‌లోనో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు దొరికి, ఒకరి ఆఫీసైనా రైలు దారిలో ఉంటే ఒక్క కారుతో సరిపోతుంది.

ఫ్రిస్కోలో గుడి దగ్గర, మనవాళ్ల మధ్య ఉంటే ధైర్యం కదా అంటారేమో. నిజమే, కానీ గుడికి వారానికోసారి వెళ్తారు, ఆఫీసుకు రోజూ వెళ్లాలి. ఊబర్ ఎప్పుడో ఒకసారికి మంచిదే, రోజూ రానూపోనూ అంటే జేబు ఖాళీ. పైగా కారు ఖర్చు కొన్న రోజుతో అయిపోదు: అక్కడ నడిపిన అనుభవం లేని కొత్తవాళ్లకు బీమా ప్రీమియం సాధారణంగా ఎక్కువే పడుతుంది. కాబట్టి ఆఫీసు చిరునామాలు తెలిశాకే ఇల్లు, ఇల్లు కుదిరాకే రెండో కారు. ఇక్కడి లైసెన్సు గడువు కూడా చూసుకోమనండి. టెక్సస్‌లో కాపురం పెట్టాక దానితో 90 రోజులే నడపనిస్తారు.