ఎముకలు గుల్లబారకుండా కాపాడుకోవడమెలా?

వార్ధక్యంలో నడుము వంగడం, ఎత్తు తగ్గడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం సహజమేనని మన ఇళ్లలో సరిపెట్టుకోవడం పరిపాటి. నిజానికి వీటిలో చాలా భాగానికి కారణం ఎముకలు గుల్లబారడమే. ఆధునిక వైద్యులు దీనిని ఆస్టియోపోరోసిస్ అంటారు. ఎముక విరిగేదాకా ఈ వ్యాధి సాధారణంగా నొప్పి రూపంలో గాని, వాపు రూపంలో గాని బయటపడదు. మోకాళ్ల నొప్పులు దీని లక్షణం కావు. అవి ఎక్కువగా కీళ్ల అరుగుదలకు సంబంధించినవి. కనుక నొప్పులు లేనంత మాత్రాన ఎముకలు గట్టిగా ఉన్నాయని భావించరాదు.

వ్యాధి స్వరూపం

ఎముక రాయివంటి జడపదార్థం కాదు. అందులో పాత ఎముక కరుగుతూ, కొత్త ఎముక ఏర్పడుతూ ఉంటుంది. సుమారు 30 సంవత్సరాల వయసుకు ఎముకల సాంద్రత గరిష్ఠస్థాయికి చేరుతుంది. తరువాత క్రమంగా కరిగేది ఎక్కువై, ఏర్పడేది తక్కువవుతుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గిపోవడంతో మొదటి కొన్ని సంవత్సరాలు ఈ క్షయం మరింత వేగంగా సాగుతుంది. పురుషులకు కొంత ఆలస్యంగా వచ్చినా, వారూ దీనికి అతీతులు కారు.

వెన్నుపూసలు, తుంటి, మణికట్టు ముఖ్యంగా విరిగే స్థానాలు. నీళ్ల బిందె ఎత్తినప్పుడు, గట్టిగా తుమ్మినప్పుడు కూడా వెన్నుపూస నలిగిపోవచ్చును. తుంటి విరిగి మంచాన పడిన వృద్ధులకు పడకపుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి ప్రాణాంతకం కావచ్చును.

ఆయుర్వేద దృష్టి

వాతదోషానికి అస్థిధాతువు ఆశ్రయమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. పిత్తకఫాలు పెరిగితే వాటి ఆశ్రయాలు కూడా పెరుగుతాయి. వాతం పెరిగితే మాత్రం అస్థి క్షీణిస్తుంది. వార్ధక్యం వాతప్రధానమైన దశ గనుక ఆ వయసులో అస్థిక్షయం పట్ల ప్రత్యేక శ్రద్ధ అవసరం. అస్థిగత వ్యాధులకు పంచకర్మలను, తిక్తద్రవ్యాలతో సిద్ధం చేసిన పాలు, నేతులను, వస్తిచికిత్సను చరకసంహిత విధించింది. ఇవి అర్హుడైన వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

ఆహారం, ఎండ

ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. ఒక గ్లాసు (200 మిల్లీలీటర్లు) పాలలో సుమారు 240, వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఉదయం రాగిజావ, భోజనంలో పెరుగు, మునగాకు పప్పు, సాయంత్రం ఒక నువ్వుల ఉండ, రాత్రి పాలు అలవరచుకొనడం మంచిది. పాలకూరలోని కాల్షియం ఆక్సలేట్లతో కలిసి ఉండడం వలన శరీరానికి అంతగా పట్టదు. కాల్షియం ఒంటబట్టడానికి విటమిన్ డి అవసరం. అందుకు చేతులకు, కాళ్లకు కొంతసేపు ఎండ తగలాలి.

మన పల్లెలలో లేత నల్లేరు కాడలను నార తీసి, నేతిలో లేదా నూనెలో వేయించి, చింతపండుతో పచ్చడి చేయడం పూర్వాచారం. పచ్చి కాడ నోటికి, చేతికి దురద పుట్టిస్తుంది గనుక వేయించకుండా తినరాదు. సంస్కృతంలో అస్థిసంహారక అనే పేరుగల ఈ తీగ లాక్షాది గుగ్గులులో కూడా చేరుతుంది. ఇది ఆహారానికి తోడుగా ఉపకరించేదే గాని, గుల్లబారిన ఎముకకు ఇదొక్కటే చికిత్స కాదు.

వ్యాయామం

ఎముకపై బరువు పడితేనే అది బలపడుతుంది. రోజుకు అరగంట నడక, కుర్చీలోనుండి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం మంచి సాధనలు. ఎముకలు ఇప్పటికే గుల్లబారినవారు నడుమును బాగా ముందుకు వంచే పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం వంటివి మానాలి.

పడిపోకుండా జాగ్రత్తలు

తుంటి ఎముక విరగడానికి చాలావరకు కారణం ఇంట్లో పడిపోవడమే. స్నానాల గదిలో పాచి పేరుకోకుండా చూసి, గోడకు పట్టుకొనే కడ్డీ బిగించండి. రాత్రిపూట మంచం నుండి మరుగుదొడ్డి వరకు చిన్న దీపం వెలుగుతుండాలి. నిద్ర మాత్రలు, చూపు మందగించడం కూడా పడిపోవడానికి దారితీస్తాయి గనుక ఏటా కంటి పరీక్ష చేయించండి.

వైద్యసలహా ఎప్పుడు?

65 దాటిన స్త్రీలు, చిన్నపాటి పాటుకే ఎముక విరిగినవారు, ఉబ్బసానికో కీళ్లవాతానికో దీర్ఘకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు డెక్సా పరీక్ష చేయించుకొనాలి. అందులో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఎముకలు గుల్లబారినట్లు లెక్క. అప్పుడు వైద్యులు ఇచ్చే మందులను గృహచికిత్సలను నమ్ముకొని మానరాదు.

చివరిగా ఒక హెచ్చరిక. నొప్పులు వెంటనే తగ్గుతాయంటూ పేరు, మోతాదు లేకుండా అమ్మే పొట్లాల మందులు కొనకండి. అటువంటి కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిపినట్లు పరీక్షలలో తేలింది. అవి నొప్పిని అణచివేస్తూనే ఎముకలను లోలోపల క్షీణింపజేస్తాయి. మీ ఇంటి పెద్దలు ప్రస్తుతం వాడుతున్న మందులన్నిటినీ ఒకసారి వైద్యునికి చూపించండి.