టెలివిజనును కంప్యూటరునకు తెరగా నమర్చుకొను విధము

ఖాజాగూడ యొకప్పుడు గండశిలల గుట్టలును చెరువును గల చిన్నపల్లె. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సను భవనము ప్రారంభమైన పిమ్మట కంప్యూటరు సంస్థలు ఈ చుట్టుపట్ల వ్యాపించి, పల్లె నగరములో గలిసిపోయినది. ఆ మేడలలో నుద్యోగము చేయువారి ముందు రెండేసి తెరలుండుట కద్దు. అవే మేడలకు కావలి కాయువారి యిండ్లలో బిడ్డల చదువునకు ఒక్క తెర దొరకుటయు కష్టముగా నున్నది. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల వాడిన కంప్యూటరు పెట్టెను కొంత చౌకగా కొనవచ్చును గాని, తెరకు మరల సొమ్ము కావలెను. ఇంట నున్న టెలివిజనునే తెరగా వాడుకొనరాదా యని తల్లిదండ్రులు మమ్మడుగుచున్నారు. నిశ్చయముగా వాడుకొనవచ్చును. తీగ తగిలించుట నిమిషము పని. అక్షరము తేటగా కనబడునట్లు చేయుటయందే తెలివి కావలెను.

ఈ రెండు యంత్రములకును మన నగరముతో పాత చుట్టరికము కలదు. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను, అనగా మనమందరము ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచు సంస్థ, కంప్యూటర్లను టెలివిజన్లను గూడ తయారుచేసినది. 1975–76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల పల్లెలకు పాఠములు ప్రసారము చేసినపుడు ఆంధ్రప్రదేశపు పల్లెలును వానిలో నుండెను. ఆ పల్లెలలో నుంచిన టెలివిజన్లు ఈ సంస్థ చేసినవే. అయినను నాటి కంప్యూటర్లు బీరువాలంతటివి. వానిని ఇంట నుంచుకొను ఊహ యెవరికిని రాదు.

ఇంటి కంప్యూటర్లు తరువాత వచ్చినవి. ఆంగ్లదేశమున 1981లో బి.బి.సి. మైక్రోయు, 1982లో స్పెక్ట్రమును వెలువడెను. మొదటిదానిని 1984లో మన ప్రభుత్వము పాఠశాలలకై యెన్నుకొనినది. రెంటికిని వెనుకవైపున టెలివిజనునకు బోవు తీగకై రంధ్రముండెను. ఆ తీగను టెలివిజను ఏరియలు రంధ్రమున దూర్చెడివారు. కంప్యూటరు ఒక చిన్న ప్రసార కేంద్రమువలె బొమ్మను తరంగముపై నెక్కించి పంపగా, టెలివిజను దానిని ఒక చానలుగా భావించి చూపుచుండెను. ఇంత చుట్టుదారి యేల? ఆ కాలపు టెలివిజన్లలో పెక్కింటికి వేరు ద్వారము లేదు. లోపలి భాగములు పలుమారు ఇంటి కరెంటుతో నేరుగా కలిసియుండుటచే వానికి తీగ తగిలించుట ప్రాణాపాయము.

ఆ తెరపై అక్షరములు అలికినట్లుండుటకు గల కారణమును చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. మన దేశపు పాత పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. ఒక్కొక్క గీతలో బొమ్మకు దొరకు కాలము సెకనులో పదిలక్షవ వంతులు 52. ఆ ఒక్కొక్క వంతులో సంకేతము సుమారు 5 సార్లు మాత్రమే హెచ్చి తగ్గగలదు. హెచ్చినపుడొక వెలుగు చుక్క, తగ్గినపుడొక చీకటి చుక్క. కావున 52ను 5తోను, మరల 2తోను హెచ్చింపగా గీతకు 520 చుక్కలు వచ్చును. అక్షరమునకు 8 చుక్కలు వేసికొనినచో, పంక్తికి 40 అక్షరములకు 320 చాలును. 80 అక్షరములకు 640 కావలెను. అంతకు చోటు లేదు గనుక అక్షరములు ఒకదానిలో నొకటి కలిసిపోవును. స్పెక్ట్రము పంక్తికి 32 అక్షరములతో సరిపెట్టుకొనెను.

నేటి పలుచని టెలివిజనులో చుక్కలు తెరలోనే అమర్చబడియున్నవి. సాధారణముగా అడ్డముగా 1920, నిలువుగా 1080. చిన్నవానిలో తరచు 1366, 768. కంప్యూటరు పంపు చుక్క తెరచుక్కపై సరిగా పడినచో అక్షరము తేటగా నుండును. రెండు చుక్కల నడుమ పడినచో మసకబారును. ఇంతయు దీనిపైననే యాధారపడియున్నది.

కంప్యూటరునకును టెలివిజనునకును హెచ్.డి.ఎమ్.ఐ. ద్వారములున్నచో ఆ తీగయే చాలును, శబ్దము గూడ దానిలోనే పోవును. తగిలించిన వెంటనే కొన్నింట తెర అంచులు మాయమగును. పాత గాజుగొట్టపు టెలివిజన్లలో బొమ్మ అంచులు చట్రము క్రింద దాగునట్లు కొంచెము పెద్దది చేసి చూపెడివారు. గాజుగొట్టము పోయినను ఆ అలవాటు పోలేదు. బొమ్మ సాగుటచే చుక్కలు తప్పి అక్షరములును చెడును. టెలివిజను అమరికలలో బొమ్మ పరిమాణమను చోట "జస్ట్ స్కాన్", "స్క్రీన్ ఫిట్" వంటి పేరున్న దానిని ఎన్నుకొనవలెను, లేదా ఆ ద్వారమునకు "పి.సి." అని పేరుపెట్టవలెను. తరువాత కంప్యూటరులో తెరచుక్కల సంఖ్యను టెలివిజను సంఖ్యకు సరిచేయవలెను. ఆ సంఖ్య కనబడనిచో ఉన్నవానిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. "షార్ప్‌నెస్" అనుదానిని తగ్గించుట మంచిది. పేరునకు విరుద్ధముగా అది అక్షరముల చుట్టు తెల్లని నీడలు వేయును.

పరీక్షకు "విద్యార్థి" యను మాటను చిన్న అక్షరములతో వ్రాసి చూడుడు. థకారపు నడిమి చుక్క కనబడినచో అమరిక కుదిరినట్లే. (కనబడుచుండగనే ధకారము వ్రాయు బాలుర విషయమున తెరను నిందింపరాదు.)

పాత పెట్టెలకు పదునైదు సూదుల వి.జి.ఎ. ద్వారము మాత్రమే యుండవచ్చును. టెలివిజనున అదియే యున్నచో ఆ తీగతోబాటు శబ్దమునకు వేరు తీగ కావలెను. లేనిచో రెండు కొనలు వేరైన వట్టి తీగను కొని మోసపోవద్దు. ఒకటి విద్యుత్తు హెచ్చుతగ్గులను, రెండవది అంకెలను పంపునది గనుక నడుమ మార్పుచేయు యంత్రముండి తీరవలెను. గాజుగొట్టపు టెలివిజనును దీనికై కొనవద్దని మా సలహా. దానికి పై 520 చుక్కల లెక్కయే వర్తించును. ఆపిన తరువాతను దాని లోపల వేలకొలది వోల్టులు నిలిచియుండవచ్చును గనుక బాలురెవ్వరును వెనుకమూత విప్పరాదు.

గోడపై నెత్తుగా నున్న టెలివిజనును మెడ యెత్తి గంటలకొలది చదువుట తగదు. బల్లపైకి దింపి, తెర నడిమిభాగము కంటికి సమముగానో కొంచెము దిగువగానో ఉంచి, నాలుగైదడుగుల దూరమున కూర్చుండి, అక్షరములను ఒకటిన్నర రెట్లు పెద్దవి చేసికొనవలెను. సాయంకాలము పెద్దలు ధారావాహిక చూడగోరినచో కంప్యూటరును ఆపనక్కరలేదు. రిమోటుతో ద్వారమును మార్చిన చాలును. అది ముగిసిన పిమ్మట మరల మార్చినచో, వ్రాయుచున్న పాఠము విడిచిన చోటనే యుండును.