గొంతులో బొక్క ఇరుక్కుంటే

2024లో పళ్లు లేని 66 ఏళ్ల పెద్దాయన ఒకరు పెళ్లి విందులో మటన్ బొక్కను నమలకుండా మింగేశారు. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని దాదాపు నెల రోజులు గడిపేశారు. చివరికి ఎల్బీనగర్ కామినేని ఆసుపత్రిలో ఎండోస్కోపీతో, కోత లేకుండానే, అన్నవాహికలోంచి బొక్క తీశారు. అదృష్టవంతుడు. గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం పంపే బృహద్ధమని ఛాతీలో అన్నవాహికను ఆనుకునే ఉంటుంది. బొక్క కొన అన్నవాహిక పలుచని గోడను తొలుచుకుపోతే తగిలేది బృహద్ధమనికే.

చేయకూడనివి

ముందుగా, ముద్ద. ముల్లు గుచ్చుకుందనగానే ఇంట్లో అమ్మమ్మ అయినా, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పక్క మంచం కుర్రాడైనా చెప్పేది ఒకటే: "ఉత్తన్నం ముద్ద మింగు, దిగిపోతది." ఒక్కోసారి దిగుతుంది కూడా, అందుకే ఆ నమ్మకం పోదు. దిగకపోతే ముద్ద ముల్లును గోడలోకి నొక్కుతుంది. అరటిపండూ అంతే. వేళ్లు పెట్టి కక్కించొద్దు.

నొప్పి తగ్గిందని ఊరుకోవద్దు. అసలు మోసం అక్కడే ఉంది. బొక్క బృహద్ధమని దాకా తొలిస్తే, కొన్ని రోజులకో వారాలకో నోట కాస్త రక్తం పడి ఆగిపోతుంది. మనిషి మామూలుగానే తిరుగుతాడు. ఆ తర్వాత గంటల్లోనో రోజుల్లోనో ఆపలేనంత రక్తస్రావం. ఈ వరసను చియారీ అనే వైద్యుడు 1914లోనే వర్ణించాడు. ఆ మొదటి రక్తమే హెచ్చరిక.

చేయవలసినవి

ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి అదే రోజు వెళ్లండి. ఉమ్మి కూడా మింగలేకపోతే వెంటనే. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో అడగకముందే చెప్పండి; "ఛాతీలో మంట" అంటే గ్యాస్ మాత్రే చేతికొస్తుంది. చేప ముల్లు చాలాసార్లు ఎక్స్‌రేలో కనపడదు. ఎక్స్‌రే బాగుందన్నా బాధ పోకపోతే సీటీ స్కాన్ గురించి అడగండి.

పిల్లల సంగతి వేరు. ఫుట్‌పాత్ మీద కొన్న లైట్ల బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే కాలుస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు, మింగి 12 గంటలు కాకపోతే, 10 నిమిషాలకోసారి 2 చెంచాల తేనె ఇస్తూ ఆసుపత్రికి పరుగెత్తండి. 6 సార్లకు మించొద్దు, తేనె కోసం ఆగొద్దు. బ్యాటరీ తీశాక కూడా కొన్ని వారాల పాటు వాంతిలో రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తాయేమో చూడండి.

కట్టుడు పళ్లవారికి అంగిలి మూసుకుపోయి బొక్క స్పర్శ సరిగా తెలియదు. మృగశిర కార్తె నాడు చేపలు వండితే, వారికి ముళ్లు తీసి వడ్డించండి.

నోట రక్తం పడినా, ఛాతీ నొప్పితో జ్వరం వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఆదివారం రాత్రి క్లినిక్ మూసి ఉందని సోమవారం దాకా ఆగకండి.