లేతకోడెకు తగిన ముకుతాడు

అనంతపురపు మెట్ట ప్రాంతమున సంవత్సరమునకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్ది వానయు సకాలమున వచ్చునను నమ్మకము లేదు. వచ్చిన తరువాత ఎర్రనేలలో పదును నిలుచునది కొలది దినములు. ఆ దినములలోనే వేరుసెనగ విత్తనము నేలబడవలెను. నేడు ట్రాక్టరు చాల గ్రామములకు వచ్చినది. అయినను చిన్న కమతముల వారు పలువురు కాడెద్దులనే నమ్ముకొనియున్నారు. పైరు సాళ్ల నడుమ గుంటక తోలుటకు ఎద్దులే అనువైనవి. అట్టి రైతునకు పదునుమీద మాట వినని ఎద్దు ఉన్నను లేనట్లే. ఎద్దు మాట వినుటయు వినకపోవుటయు చాలవరకు దాని లేతవయస్సున మనము వేసిన ముకుతాడును బట్టి యుండును. కావున ఈ చిన్న విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

కళ్లెమునకు, ముకుతాడునకు పోలిక

జట్కాబండ్లు ఊరూర తిరిగిన దినములలో అనుభవజ్ఞులు పడుచు గుర్రమునకు సన్నని కళ్లెము వేసెడివారు కారు. కళ్లెపు కడ్డీ నోటిలో ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని చిగురుమీద నిలుచును. కడ్డీ సన్నమైన కొలది ఆ చిగురును కోయును. నునుపుగా, కొంచెము లావుగా ఉన్నచో ఒత్తిడి పరచుకొని, నొప్పి తగ్గును. చిగురు పుండుపడిన గుర్రము కొంతకాలమునకు మొద్దుబారి, ఎంత లాగినను ఆగదు. అప్పుడు యజమాని ఇంకను కఠినమైన కళ్లెమును వెదకును. ఈ విధముగా జంతువు చెడిపోవును.

ఎద్దు నెమరువేయు జంతువు. నోట కళ్లెమున్నచో మేతకును నెమరునకును అడ్డు. అందుచే మన పెద్దలు ముక్కును ఎన్నుకొనిరి. స్థానము మారినను సూత్రము మారలేదు: తాడు సంజ్ఞ నిచ్చుటకే గాని శిక్షించుటకు గాదు.

ముందు తలతాడు, తరువాతనే ముకుతాడు

దూడ పాలు మరచిన నాటినుండి మెత్తని తలతాడు వేసి, దినమునకు కొంతసేపు చేతపట్టి నడిపించవలెను. తలతాడనగా చెవుల వెనుకనుండియు, ముక్కుపైనుండియు చుట్టివచ్చి గడ్డము క్రింద ముడిపడు కట్టు. దీనితో ముక్కునకు గాయము లేదు. ఇట్లు పెరిగిన కోడెలలో కొన్నింటికి ముకుతాడు అవసరమే పడదు. మన ప్రాంతపు రైతులు కన్నడసీమనుండి తెచ్చు హళ్లికారు కోడెలు చురుకైనవి, త్వరగా బెదరునవి. అట్టివానికి ఈ తొలి చనువు మరింత ముఖ్యము.

తలతాడుతో లొంగని బలమైన కోడెకు ముకుతాడు తప్పనిసరియని తోచినచో, ఆ పని పశువైద్యునిచే చేయించవలెను. రెండు ముక్కురంధ్రముల నడిమి గోడలో వెనుక భాగము మెత్తని ఎముక. దానికి ముందు చర్మము పలుచగా ఉండు చోటు కలదు. రంధ్రము పడవలసినది అచ్చటనే. మెత్తని ఎముకను పొడిచినచో గాయము త్వరగా మానదు. అట్లని అంచునకు మరీ దగ్గరగా పొడిచినచో ఒకనాడు తాడు చీల్చుకొని వచ్చును. ముక్కు చీలిన ఎద్దునకు సంతలో వెల పడిపోవును. ఈగలు ముసురు దినములలో ఈ పని పెట్టుకొనరాదు. పుండున పురుగు పడును.

తాడును ఎన్నుకొను విధము

మెత్తని నూలుతాడు అన్నిటికంటె మేలు. పెన్సిలు కంటె కొంచెము లావున్న చాలును. గోగునార తాడు గరుకు. సంతలో చవుకగా దొరకు నైలాను తాడు తడిసినను చివకదు, నిజమే. కాని సన్నని నైలాను లేతచర్మమును కోయును. ముక్కులోపల ఉండు భాగమున ముడిగాని, అతుకుగాని ఉండరాదు. తాడు చెవుల వెనుకకు పోయి ముడిపడినప్పుడు, దాని క్రింద రెండు వ్రేళ్లు సులువుగా దూరవలెను. కోడె పెరుగుచుండును, తాడు పెరుగదు. కావున నెలకొకమారు వదులుచేసి చూడవలెను. నలిగిన తాడును వెంటనే మార్చవలెను.

గాయము పూర్తిగా మానువరకు ముకుతాడును లాగరాదు. మానిన తరువాతను కోడెను ముకుతాటితో గుంజకు కట్టరాదు. అది బెదరి వెనుకకు లాగినచో ముక్కు చీలును. కట్టుటకు మెడతాడు వేరుగా ఉండవలెను. నేర్పునప్పుడు అనుభవముగల ముసలి ఎద్దును జతగా కట్టి, మొదట ఖాళీ కాడి, పిదప తేలికమొద్దు, చివరకు గుంటక అను క్రమమున సాగవలెను. మాట విన్న తక్షణమే పగ్గము వదులు కావలెను. ఆ వదులే కోడెకు బహుమానము.

చట్టము చెప్పునది

1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ముకుతాడు వేయుటను నిర్ణీత పద్ధతిలో మాత్రమే అనుమతించినది. బండ్లులాగు, బరువుమోయు జంతువులకై 1965లో వచ్చిన నిబంధనలు ముళ్లుగల కళ్లెములను, ముళ్లకర్రలను, గాయపరచు సామగ్రిని నిషేధించినవి. 2023 నిబంధనలు ముకుతాడు వేయుటవంటి పనులు పశువైద్యుని ద్వారా, నొప్పి తెలియకుండ మందిచ్చి జరుగవలెనని చెప్పుచు, తలతాడువంటి మృదువైన పద్ధతులను ముందునకు తెచ్చినవి.

సభ్యులు చేయదగినది

చట్టము కాగితముమీద నున్నంత మాత్రమున కోడె ముక్కునకు రక్షణ కలుగదు. పశువైద్యశాల దూరమైనచో రైతు దబ్బనమును ఆశ్రయించుట సహజము. అతనిని నిందించి లాభము లేదు. తొలకరికి చాల ముందుగా, చలిదినములలో, గ్రామమున ఈడువచ్చిన కోడెల జాబితా వ్రాయించి, పశువైద్యుని ఒకదినము పిలిపించుట పంచాయతీకి కష్టమైన పని కాదు. అదే దినమున తలతాడు అల్లుట తెలిసిన పెద్దలచే యువకులకు ఆ పని నేర్పించవచ్చును. ఖర్చు స్వల్పము.

కరవు మనచేతిలో లేదు. వాన ఎప్పుడు కురియునో మనకు తెలియదు. కాని అది కురిసిన ఉదయమున మన ఎద్దు కాడిక్రిందికి నిర్భయముగా మెడ చాచునో, ముక్కు మంటకు వెరచి గుంజుకొనునో, అది మాత్రము ముందే మన చేతులలో నిర్ణయమగుచున్నది.